గండికోట–బెలుం రైడ్: బండి తయారీ, గుంపు నడిపే తీరు, కంప ముళ్ల సంగతి

చిత్రావతి_350:
ఫిబ్రవరి రెండో ఆదివారం గండికోట రైడ్ ఖాయం. పోయేటప్పుడు అనంతపురం నుంచి తాడిపత్రి, బెలుం గుహలు, జమ్మలమడుగు, గండికోట. వచ్చేటప్పుడు ముద్దనూరు, కొండాపురం మీదుగా 67వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని మళ్లీ తాడిపత్రి, అక్కడి నుంచి ఇల్లు. అంతా కలిపి 300 కిలోమీటర్ల లోపే. పొద్దున 5:30కి టవర్ క్లాక్ దగ్గర.

పేర్లిచ్చిన బండ్లలో ఆర్‌ఎక్స్ 100లు, కాస్ట్ ఐరన్ బుల్లెట్లు, క్లాసిక్‌లు, హిమాలయన్, స్ప్లెండర్, పల్సర్ అన్నీ ఉన్నాయి. అందుకే వేగం గానీ ఆగే చోట్లు గానీ చిన్న ట్యాంకునూ పాత ఇంజిన్‌నూ చూసే పెడతాం. ఆర్‌ఎక్స్ ట్యాంకు 10 లీటర్లే. తాడిపత్రిలో ఒకసారి, జమ్మలమడుగులో ఒకసారి అందరూ నింపాల. "నాకింకా సగముంది" అనే మాట వద్దు. ఆ సగం ఎక్కడో ఊరు లేని చోట అయిపోతే అందరూ ఆగాల్సిందే.

అనుమానాలుంటే ఇక్కడే అడగండి. వాట్సాప్‌లో అడిగితే గుడ్ మార్నింగుల కింద పడి మాయమైతాయి.

ఎర్రనేల_రైడర్:
అన్నా, నాది స్ప్లెండర్. గుంపుతో రావడం కొత్త. ఎండ ముదురుతా ఉంది కదా, టైర్లో గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించుకోవాలంటారు, నిజమేనా? చైనుకు ఏం పూయాల? నా బండి వేగం తక్కువ కాబట్టి అందరికంటే వెనక వస్తే సరిపోతుందా?

స్పానర్_14:
గాలి తగ్గించొద్దు తమ్ముడూ. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఊరూరా పాకింది. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది. వేడి పుట్టేది ఆ వంగుడులోనే. చల్లగా ఉంటుందని తగ్గించిన టైరే ఎక్కువ కాలుతుంది. ట్యూబ్ బండికైతే ఇంకో తంటా ఉంది: గాలి చాలని టైరు గట్టిగా బ్రేకు పట్టినప్పుడు రిమ్ము మీద జరుగుతుంది, ట్యూబును కూడా లాక్కుపోతుంది, వాల్వు మొదట్లో చినుగుతుంది. అక్కడ చినిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాల.

గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. కంపెనీ ఇచ్చిన లెక్క చల్లటి టైరుకు. కొంత దూరం తోలినాక మూడు నాలుగు పాయింట్లు పెరగడం మామూలే; అది చూసి గాలి వదిలితే మరుసటి రోజు పొద్దునకు తక్కువే మిగులుతుంది. లెక్క స్టిక్కరు చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో ఉంటుంది. పాత యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండే రకం) క్లాసిక్ 350కి ఒక్కరే అయితే ముందు 20, వెనక 30 పీఎస్ఐ (మనం పాయింట్లనేది ఇదే). వెనక మనిషి ఉంటే 22, 32. బంకుల్లో గేజీలు ఒకదానికొకటి పొంతన ఉండవు. పెన్ను సైజు గేజీ ఒకటి కొని జేబులో పెట్టుకోండి.

అట్లే టైరు పక్కన డాట్ అనే ముద్ర చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గట్లు ఎంత లోతున్నా, పక్కగోడ మీద సన్నటి బీటలు కనిపిస్తే ఆ టైరుతో ఇంత దూరం వద్దు.

చైను సంగతి: స్ప్లెండర్‌కు చైను మూత లోపల ఉంటుంది కాబట్టి మనం మర్చిపోతాం. మూతకున్న రబ్బరు బిరడా తీసి, వేలితో కింది నుంచి పైకి ఆడించి చూడాల. ఇట్లాంటి బండ్లకు 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండాల. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాల, ఎందుకంటే పాత చైను అన్ని చోట్లా ఒకేలా సాగదు. ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడే కొలత పట్టుకోవాల. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే, బిగుతు చోటు వచ్చినప్పుడల్లా గేరుబాక్సు బేరింగును గుంజుతుంది.

టూస్ట్రోక్_తాడిపత్రి:
స్పానర్ అన్న చెప్పింది సరే. పూత గురించి నేను చెబుతా. కాలిన ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజిన్ నుంచి తీసిన ఆ మడ్డిలో ఇనుప పొడి, ఆమ్లం రెండూ ఉంటాయి, చైనుకు మంచి చేసేది ఏమీ ఉండదు. గ్రీజు అంతకంటే దండగ. మన నేల మీద దుమ్ముకు తోడు మా ఊరి నాపరాళ్ల పొడి కూడా గ్రీజుకు అంటుకుందంటే అది సానపెట్టే ముద్దే.

కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరినాక 90 నంబరు గేర్ ఆయిల్. చైను లోపలి వైపు, కింది వరుస మీద, లింకుల మధ్య చుక్కలు చుక్కలుగా. బండి తిరిగేటప్పుడు నూనె బయటికి చిమ్ముతుంది కాబట్టి లోపల వేస్తేనే రోలరులోకి దిగుతుంది. పావుగంట ఆగి పైనున్నదంతా తుడిచెయ్యండి. రైడ్ ముందురోజు రాత్రి వేయాల, పొద్దున వేస్తే రిమ్ము నిండా చుక్కలే.

గుత్తికోట_గాలి:
గేర్ ఆయిల్ మామూలు చైనుకు సరే. ఓరింగ్ చైనుకు (లింకుల మధ్య రబ్బరు వలయాలుండేది) స్ప్రే మేలని నా మాట. ఓరింగ్ చైను లోపల గ్రీజు ముందే సీలు వేసి ఉంటుంది, మనం పైన వేసేది తుప్పు పట్టకుండా, రబ్బరు ఎండకుండా అంతే. ఎండురకం స్ప్రేకు దుమ్ము తక్కువ అంటుతుంది. ఏది వేసినా ఓరింగ్ చైనును పెట్రోలుతో మాత్రం కడగొద్దు, రబ్బరు పాడైతే లోపలి గ్రీజు కారిపోతుంది.

టూస్ట్రోక్_తాడిపత్రి:
ఒక్క స్ప్రే డబ్బా డబ్బులకు ఏడాదికి సరిపోయే గేర్ ఆయిల్ వస్తుంది సామీ. ఎవరిష్టం వాళ్లది.

స్పానర్_14:
ఇద్దరూ అసలు మాట వదిలేశారు. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆన్ చేసి, గేరులో పెట్టి, తిరిగే చైనును గుడ్డతో పట్టుకుని తుడవొద్దు. గుడ్డ లింకులో చిక్కితే వేలు స్ప్రాకెట్ మీదికి పోయేదాకా టైము ఉండదు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో, చక్రం చేత్తో తిప్పుకోండి.

కాస్ట్ ఐరన్ బుల్లెట్ వాళ్లకు ఒక మాట. మీది డ్రై సంప్, అంటే ఆయిల్ క్రాంక్ కేసు అడుగున కాక వేరే ట్యాంకులో ఉంటుంది. బండి కొన్ని రోజులు నిలబడితే ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్ కేసులోకి దిగుతుంది. పొద్దున డిప్‌స్టిక్ చూసి తక్కువుందని పోస్తే, ఇంజిన్ తిరిగినాక దిగిన ఆయిల్ వెనక్కి వచ్చి, ఎక్కువైనదంతా బ్రీదరు నుంచి కక్కుతుంది. ఐదు నిమిషాలు స్టార్ట్‌లో ఉంచి, ఆపి, అప్పుడు చూసి పోయండి. ఇగ్నిషన్ కాంటాక్ట్ పాయింట్లకు గరుకు కాగితం పెట్టినాక పెట్రోలు తడిపిన శుభ్రమైన కాగితం ఒకసారి లాగండి, ఆ గరుకు పొడే సగం మిస్‌ఫైర్లకు కారణం.

హిమాలయన్_అక్క:
ఈ దారిలో బండి ఆపేది ఇంజిన్ కాదు, కంప. సర్కారు తుమ్మ రోడ్డు అంచు దాకా వచ్చేసింది. నీడ ఉందని బండి దాని కిందికి దించితే రెండంగుళాల ముల్లు నేరుగా దిగుతుంది. బండి తారు మీదో గట్టి మొరం మీదో ఆపాల, మనం నడిచి నీడకు పోవాల.

ముల్లుతో గొడవేమిటంటే, మేకులా బయట తల కనిపించదు. టైరులో విరిగి, మొన మాత్రం లోపలికి పొడుచుకుని ఉంటుంది. ట్యూబు మార్చి గాలి కొట్టి పది కిలోమీటర్లు పోయేసరికి మళ్లీ అదే చోట పంక్చర్. పాత ట్యూబులో కొంచెం గాలి కొట్టి రంధ్రం ఎక్కడో చూసి, వాల్వు నుంచి ఎంత దూరమో కొలిచి, టైరులో అదే చోట వెతకండి. చేతివేళ్లతో కాదు, నూలుగుడ్డ ఉండచుట్టి లోపల చుట్టూ రాయండి. మొన ఉన్న చోట గుడ్డ పీచు చిక్కుకుంటుంది. సన్నటి ముక్కు పటకారుతో లోపలి నుంచి లాగండి; బయటి నుంచి తోస్తే ఇంకా లోతుకు పోతుంది.

ట్యూబ్ ఎక్కించే తీరు, మొదటిసారి చేసేవాళ్లకు: టైరు ఒక పక్క రిమ్ములో ఉండగానే ట్యూబుకు గుండ్రంగా నిలిచేటంత గాలి కొట్టి లోపల పెట్టండి. ఖాళీ ట్యూబు పెడితే మడతపడి లివర్ కింద నలుగుతుంది. ముందు టాల్కమ్ పౌడర్ పూయండి. టైరు అంచు ఎక్కించడం వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాల. రిమ్ము నడిమధ్య గుంత ఉంటుంది కదా, ఎదురు పక్క అంచును మోకాలితో ఆ గుంతలోకి తొక్కిపెడితేనే ఇటు పక్క వదులు దొరుకుతుంది. వాల్వు దగ్గర మొదలుపెడితే ట్యూబు అడ్డం ఉండి అంచు గుంతలోకి దిగదు, అప్పుడు లివర్ మీద బలం పెడతాం, ట్యూబు కోసుకుపోతుంది. చివర్లో వాల్వును ఒకసారి లోపలికి నొక్కి చూడండి, అంచు కింద ట్యూబు ఇరుక్కోలేదని తెలుస్తుంది.

వాల్వు నట్టును రిమ్ముకు బిగించొద్దు. పైకి, మూత దగ్గరికి తిప్పి వదిలేయండి. టైరు జరిగితే వాల్వు పక్కకు వాలి కనిపిస్తుంది. బిగించి ఉంటే వాలదు, చినుగుతుంది.

ఎర్రనేల_రైడర్:
అక్కా, పల్సర్ వాళ్లకు ట్యూబ్‌లెస్ కదా, వాళ్లకు ఈ తిప్పలు లేవు కదా?

హిమాలయన్_అక్క:
చక్రం విప్పే పని లేదు, అంతే. నడిమి గట్ల మీద పడిన రంధ్రానికి పురికొస (రంధ్రం పూడ్చే రబ్బరు తాడు) పెట్టొచ్చు. పక్కగోడకు పడితే ఏ పురికొసా నిలవదు, బండి ఆటో ఎక్కాల్సిందే.

ముల్లునో మేకునో లాగేముందు చుట్టూ సుద్దతో గీయండి, అది ఏ వాలున దిగిందో గుర్తుపెట్టుకోండి. రీమరును (కిట్టులో ఉండే గరుకు పుల్ల) అదే వాలున తిప్పుతూ లోపలికి, బయటికి నాలుగైదు సార్లు. చాలామంది ఇక్కడే భయపడి ఒకసారి పొడిచి ఆపేస్తారు. రంధ్రం గరుకు కాకపోతే జిగురు పట్టదు. పురికొసను సూదిలో సగానికి మడిచి, జిగురు పూసి, బయట ఒక సెంటీమీటరు మిగిలేదాకా తోసి, సూదిని ఒక్క గుంజుతో లాగాల. గాలి కొట్టి, సబ్బునీళ్లు వేసి బుడగలు రాలేదని చూసి, మిగిలింది కత్తిరించండి, టైరుకు సమానంగా కాదు, రెండు మూడు మి.మీ. వదిలి. ఇంటికొచ్చినాక లోపలి నుంచి ప్యాచ్ వేయించండి.

టూస్ట్రోక్_తాడిపత్రి:
ఆర్‌ఎక్స్, యెజ్డీ వాళ్లు ఇ20 గురించి అడుగుతున్నారు. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే, 20 శాతం ఇథనాల్. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాల. ఇథనాల్‌కు 9 చాలు. రెండూ కలిసిన ఇ20కి 13.5 దగ్గర వస్తుంది. ఇంజెక్షన్ బండి సెన్సారు చూసుకుని పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. పాత జెట్టుతోనే (కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) తోలితే మిశ్రమం పలచబడుతుంది. నాలుగు స్ట్రోకుల బండి కొంచెం నీరసంగా పోతుంది, అంతే. టూ స్ట్రోకులో పలచబడితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది.

మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్ చూడండి. ప్లగ్ చూడటమంటే ఇంటి ముందు గుర్రుమనిపించి తీయడం కాదు. ఖాళీ రోడ్డు మీద సగానికి పైగా థ్రాటిల్ పట్టి రెండు కిలోమీటర్లు పోయి, క్లచ్ పట్టి, తాళం ఆపి, అక్కడే తీయాల. లేత గోధుమ రంగైతే బాగుంది, తెల్లగా పొక్కులు పొక్కులుగా ఉంటే పలచన, తడి మసి అయితే చిక్కన.

ఆర్‌ఎక్స్‌కు కంపెనీ పెట్టిన ఆయిల్ పంపు ఇంకా ఉంటే, థ్రాటిల్ తిప్పినప్పుడు పంపు మీది గుర్తు కూడా సమంగా కదులుతుందా చూడండి. కేబుల్ సాగి పంపు వెనకబడితే అది తెలిసేది పట్టేసినాకే. పంపు తీసేసినవాళ్లు పెట్రోల్లో ఆయిల్ 40కి 1 లెక్కన కలపండి, అంటే లీటరుకు 25 మి.లీ. చేతి అందాజా వద్దు, మందుల షాపులో దొరికే కొలత గ్లాసు చాలు. ఫ్యూయల్ పైపు పాతదైతే ఇప్పుడే మార్చండి, ఇథనాల్‌కు పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంకోటి, ఇథనాల్ నీటిని గుంజుకుంటుంది. నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. పెట్రోలు కాక్ కింది కప్పు విప్పి కొంచెం గాజు సీసాలోకి పట్టి చూసి, తేడా ఉంటే మొత్తం తీసి కొత్తది పోయండి.

చిత్రావతి_350:
గుంపు గురించి. ఎర్రనేల తమ్ముడూ, నువ్వు చివర కాదు, లీడర్ వెనకే రావాల. తక్కువ వేగం బండి చివర ఉంటే ముందున్నోళ్లకు తెలియకుండానే దూరం పెరుగుతుంది, అందుకోడానికి నువ్వు శక్తికి మించి తోలుతావు. ముందుంటే గుంపంతా నీ వేగానికే నడుస్తుంది.

పది పన్నెండు బండ్లకు ఒక గుంపు. అంతకుమించితే రెండుగా చీల్చి మధ్య రెండు మూడు నిమిషాలు ఎడం ఇస్తాం, లేకుంటే బస్సు దాటడానికి సందుండదు. వరుస: లీడర్ మన లేనులో కుడి పక్క, తర్వాతి బండి ఎడమ పక్క ఒక సెకను వెనక, మూడోది మళ్లీ కుడి పక్క. మీ సరిగ్గా ముందున్న బండికీ మీకూ రెండు సెకన్లు. మలుపుల్లో, గతుకుల్లో, వానలో ఈ జడ అల్లిక తీసేసి ఒక్క వరుస.

దారి తప్పకుండా రెండోవాడు ఆగే పద్ధతి. ప్రతి మలుపు దగ్గరా లీడర్ వెనకున్న బండి ఆగి, ఎటు పోవాలో చెయ్యి చూపుతూ నిలబడతాడు. చివరి బండి (ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటుంది) వచ్చేదాకా కదలడు. వచ్చినాక దాని ముందు చేరతాడు. ఇట్ల చేస్తే ఎవరూ ముందు బండిని కళ్లతో పట్టుకుని పరుగెత్తే పని లేదు. చెడేది ఒక్క చోటే: నిలబడినోడు "అందరూ పోయినట్టే ఉంది" అనుకుని ముందే కదిలితే. అరగంటైనా సరే, రిబ్బన్ కనపడాల. తమ్ముడూ, నీ బండి రెండోది కాబట్టి మొదటి మలుపు నీదే. నీ తర్వాతి నుంచి మిగతావాళ్లది. తిరిగి గుంపు చేరేది తాడిపత్రి బంకులో, అక్కడ మళ్లీ ముందుకొస్తావు.

పెన్నాఒడ్డు:
జమ్మలమడుగు వైపు నుంచి చెబుతున్నా. తాడిపత్రి దాటినాక పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర రోడ్డు మీద తెల్లటి మడ్డి కారుతుంటుంది. ఎండితే దుమ్మే, తడిగా ఉంటే సబ్బు. దాని మీద ముందు బ్రేకు ముట్టొద్దు, బండి వంచొద్దు, నిటారుగా ఉంచి ఇంజిన్ బ్రేకుతో దాటండి. నాపరాళ్ల లారీ వెనక అతుక్కుని పోవద్దు. పైనుంచి రాతి పలక జారిందంటే తప్పించుకోడానికి చోటుండదు.

బెలుం చుట్టూ నల్లరేగడి. ఫిబ్రవరిలో శనగ కోతలు. కట్టెను రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కిస్తారు. రైతును తిట్టి లాభం లేదు, మనమే చూసుకోవాల. అది గడ్డిలా మెత్తగా కనిపిస్తుంది గానీ కింద శనగలు గోళీల్లా జారుతాయి, కట్టె వెనక చక్రానికి చుట్టుకుని స్ప్రాకెట్‌లోకి పోతుంది. దాటిన వెంటనే పక్కకు ఆపి, చైను దగ్గరా సైలెన్సర్ మీదా చిక్కిందేమన్నా ఉంటే పీకేయండి. వేడి సైలెన్సర్ మీద ఎండుకట్టె పొగ రావడానికి ఎక్కువసేపు పట్టదు.

ముందురోజు వాన పడితే రేగడి పొలం బాట ఏదీ ఎక్కొద్దు. ఆ మన్ను మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య కూరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. ముందు మడ్‌గార్డు దగ్గరగా ఉండే బండ్లకు మరీ కష్టం.

బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకానే లోపలికి వదులుతారు. లోపల ఉక్క. జాకెట్లు, బూట్లతో దిగితే పైకొచ్చేసరికి ఒళ్లు తడిసి ముద్దవుతుంది, వెంటనే ఎండలో బండెక్కితే తల తిరుగుతుంది. జాకెట్లు బండి దగ్గర ఒకరిని కాపలా పెట్టి వదలండి, పైకొచ్చినాక ఉప్పు చక్కెర నీళ్లో ఓఆర్‌ఎస్సో తాగి పావుగంట కూర్చోండి.

గండికోటలో పెన్నా లోయ అంచున కంచె లేదు. ఫొటో కోసం బండిని బండరాళ్ల మీదికి ఎక్కించేవాళ్లను చూస్తుంటాం. ఆ రాయి పలకలు పలకలుగా విడుతుంది, సైడ్ స్టాండ్ కింద కదిలిందంటే బండి వంగేది లోయ వైపే. బండ్లు కోట వాకిలి దగ్గరే పెట్టాల.

గుత్తికోట_గాలి:
ఎండ గురించి ఒక్క మాట. ఒంటి చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి వేడి దాన్ని దాటితే, వేగంగా పోతే చల్లబడతామనుకోవడం తప్పు, వేడిగాలి ఇంకా వేడెక్కిస్తుంది, చెమటను ఆరగొట్టి నీళ్లు గుంజేస్తుంది. చేతులు మూసిన మెష్ జాకెట్, లోపల తడిపిన నూలు బనీను. హెల్మెట్‌కు ఐఎస్ 4151 గుర్తు ఉందా చూసుకోండి, 2021 జూన్ 1 నుంచి ఆ ముద్ర లేనిది అమ్మడానికే లేదు.

ఎర్రనేల_రైడర్:
మరి ఆషాఢంలో లేపాక్షి రైడ్ అన్నారు, అప్పుడు గాలికి బండి కొట్టుకుపోతుందంట?

గుత్తికోట_గాలి:
అది వేరే కథ. 44వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి పోయేటప్పుడు నైరుతి గాలి కుడి నుంచి కొడుతుంది. రామగిరి గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. స్థిరంగా కొట్టే గాలికి బండి కుడికి కొంచెం వాలి పోతుంది, దాంతో ఇబ్బంది లేదు. లారీని దాటేటప్పుడే చిక్కు: లారీ వెనక చాటుకు రాగానే గాలి ఆగి బండి కుడికి పోతుంది, దాటడానికి కుడికి బయటికి రాగానే ఒక్కసారిగా ఎడమకు, లారీ వైపుకే తోస్తుంది. దాటేముందే లారీకి దూరం పెంచుకోండి, చేతులు వదులుగా, మోకాళ్లు ట్యాంకుకు గట్టిగా. వెనక పెద్ద సంచి కట్టినోళ్లకు ఇంకా ఎక్కువ తోస్తుంది, బరువు కిందికి, పక్క సంచుల్లోకి దించండి. మిగతాది ఆ రైడ్ అప్పుడు.

స్పానర్_14:
గుంపుకు కలిపి మోయాల్సినవి చివరి బండిలో ఉంటాయి: పంపు, లివర్లు మూడు, ప్యాచ్ డబ్బా, పురికొసల కిట్టు, క్లచ్ వైరు, ప్లగ్‌లు, ఫ్యూజులు, ఇన్సులేషన్ టేపు, కట్టుతీగ. ట్యూబ్ మాత్రం ఎవరిది వాళ్లు. క్లాసిక్ వాళ్లు 19, 18 అంగుళాల ట్యూబులు రెండూ మోయలేకపోతే ముందుకు పట్టే 19 ట్యూబు తెచ్చుకోండి, వెనక 18 టైరులో కొంచెం మడతతో సర్దుకుని తాడిపత్రి దాకా మెల్లగా చేరుస్తుంది. యాక్సిల్ నట్టుకు పట్టే రింగు స్పానర్ ఇంట్లోనే ఒకసారి పెట్టి, నట్టు కదిలించి చూడండి. బండితో ఇచ్చే పొట్టి స్పానర్‌కు షోరూములో గన్నుతో బిగించిన నట్టు ఊడదు.

హిమాలయన్_అక్క:
హిమాలయన్ 411 బండ్లకు ముందు 21, వెనక 17. ఆ రెండు ట్యూబులూ నా సంచిలో ఉంటాయి, ఇంకో హిమాలయన్ వాళ్లు తేనక్కర్లేదు. చిత్రావతి అన్నా, చివరి బండి ఎవరిది?

చిత్రావతి_350:
స్పానర్ అన్నది. రిబ్బన్ నేను తెస్తా. గురువారం సాయంత్రం ఆరుకు పాత బండ్లు తెచ్చుకోండి, జెట్లు, పాయింట్లు, చైన్లు అప్పుడే చూసేద్దాం. కిరోసిన్, పాత గుడ్డలు ఎవరివి వాళ్లే.